ఎడమ కాలి లెక్క

2024 జూన్ 9, ఆదివారం

స్విఫ్ట్‌కి పదకొండేళ్లు నిండాయి. లక్షా పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. ఇక అమ్మేద్దామని ఇంట్లో అనుకున్నాం. దాని స్థానంలో ఏది రావాలో నా మటుకు తేలిపోయింది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, ఒకటిన్నర లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 150 పీఎస్. ఇన్నాళ్లూ మైలేజీ చూశాం, రీసేల్ చూశాం, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయో చూశాం. నాకు నలభై మూడేళ్లు వచ్చాయి. ఈసారి నడపడం కోసమే కొనుక్కుంటానని మా ఆయనతో ముందే చెప్పాను. ఆయన కాదనలేదు. "కొనుక్కో. కాకపోతే ఆటోమేటిక్ తీసుకో. నీ మోకాలి సంగతి నీకు తెలుసుగా" అన్నారు.

ఆలోచన అక్కడ ఆగింది. అదే ఇంజన్ ఆరు గేర్ల మాన్యువల్‌తోనూ వస్తుంది, డీఎస్‌జీ అనే ఏడు గేర్ల ఆటోమేటిక్‌తోనూ వస్తుంది. ధరలో తేడా లక్షకు పైనే. నన్ను పట్టుకున్నది డబ్బు కాదు. పరుగు కోసం కొనే బండిలో గేరు మార్చే పని నా చేతిలో ఉండాలా, బండి చేతిలో ఉండాలా అన్నది.

జూలై 6న ఆషాఢం మొదలవుతుంది. అత్తయ్యగారు ఆ నెలలో కొత్త బండి మాట ఎత్తనివ్వరు. జ్యేష్ఠం దాటకుండా బుక్ చేస్తే శ్రావణంలో తెచ్చుకోవచ్చు. నాలుగు వారాల్లోపు తేల్చుకోవాలి.

జూన్ 12, బుధవారం

ఇవాళ లెక్కపెట్టాను. నిజాంపేటలో ఇంటి గేటు దాటిన దగ్గర నుంచి కొండాపూర్‌లో నా క్లినిక్ దాకా పదకొండు కిలోమీటర్లు, యాభై నాలుగు నిమిషాలు. క్లచ్ 143 సార్లు తొక్కాను. జేఎన్‌టీయూ కూడలిలోనే ముప్పై దాటింది. హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ దగ్గరి అండర్‌పాస్‌లో ఇంకో ఇరవై.

వెళ్లేటప్పుడు 143 అంటే రానూపోనూ దగ్గరదగ్గర మూడు వందలు. వారానికి ఆరు రోజులు. ఆయన మాటలో తప్పేమీ లేదు. మోకాలు చూసిన డాక్టరు క్లచ్ మానేయమని చెప్పలేదు. తొడ కండరానికి వ్యాయామం చెప్పారు. సీటు ముందుకు జరుపుకోమన్నారు. క్లచ్ పూర్తిగా కిందికి తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలట, కాలు చాచి తొక్కకూడదట. పదకొండేళ్లుగా నేను తొక్కుతున్నది చాచిన కాలితోనే. ఇవాళే జరుపుకున్నాను.

జూన్ 16, ఆదివారం

డీఎస్‌జీ నడిపి చూశాను. షోరూంలో మాన్యువల్ డెమో బండి లేదు, నెలాఖరు ఆదివారం ఇంకో బ్రాంచి నుంచి తెప్పిస్తామన్నారు. "మేడమ్, అందరూ ఆటోమేటికే అడుగుతున్నారు" అన్నాడు సేల్స్ కుర్రాడు.

ఆటోమేటిక్ అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు యంత్రాలున్నాయి. కొనేవాళ్లు ముందు ఇది తెలుసుకోవాలి. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య నూనె ఉంటుంది. మెత్తగా, ఓర్పుగా పోతుంది. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో 1940 మోడల్‌తో వచ్చిన హైడ్రామాటిక్ కాలం నుంచీ జనానికి అలవాటైనది ఆ మెత్తదనమే. సీవీటీలో మెట్లలాంటి గేర్లుండవు, బెల్టు జారుతూ నిష్పత్తి మారుస్తుంది. ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్చూ గేరూ మార్చే పని మోటార్లు చేస్తాయి. మన దగ్గర 2014లో సెలెరియోతో ఇంటింటికీ వచ్చింది అదే. నాలుగోది ఈ డీఎస్‌జీ. ఇందులో క్లచ్‌లు రెండు. 1, 3, 5, 7 గేర్లు ఒకదాని మీద, 2, 4, 6 గేర్లు రెండోదాని మీద. మనం మూడులో ఉండగానే నాలుగు సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుంటే రెండోది పట్టుకుంటుంది. మధ్యలో ఇంజన్ శక్తి తెగదు.

నడిపితే అర్థమైంది. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కే ర్యాంపు మీద యాక్సిలరేటర్ నిండా తొక్కాను. గేర్లు మారడం చెవికి తెలిసింది కానీ వెన్నుకు తెలియలేదు. ఏ మనిషి కాలూ చెయ్యీ అంత వేగంగా మార్చలేవు. ఆ సంగతి ఒప్పుకుని తీరాలి. 1989లో బ్రెజిల్ గ్రాండ్ ప్రిలో నైజెల్ మాన్సెల్ స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మార్చే ఫెరారీని మొదటి రేసులోనే గెలిపించాడు. వేగం వరకే చూస్తే ఈ వాదన తీరిపోయి చాలా ఏళ్లయింది.

అయితే నేను రేసుకు వెళ్లడం లేదు.

జూన్ 18, మంగళవారం

డల్లాస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వాడిది మాన్యువల్ గోల్ఫ్ జీటీఐ. "అక్కా, ఇక్కడ మాన్యువల్ జీటీఐ 2024 మోడల్‌తో ఆఖరు. ఇకమీదట అంతా డీఎస్‌జీనే. నీకు దొరుకుతుంటే వదులుకోకు" అన్నాడు. గొంతులో నిజంగా బాధ ఉంది.

అదే కంపెనీ ఇక్కడ చేసింది ఇందుకు తలకిందులు. 2022లో వర్టస్ వచ్చినప్పుడు ఈ పెద్ద ఇంజన్‌కి డీఎస్‌జీ ఒక్కటే ఇచ్చారు. మాన్యువల్ 2023లో తెచ్చారు. పోర్షేలోనూ ఇలాగే జరిగింది. 2013లో వచ్చిన 911 జీటీ3కి మాన్యువల్ తీసేశారు, నడిపేవాళ్లు ఊరుకోలేదు, 2017లో మళ్లీ పెట్టారు. మాన్యువల్‌తో ఆ బండి పరుగు తగ్గుతుందని కొన్నవాళ్లందరికీ తెలుసు. తెలిసే కొన్నారు.

జూన్ 20, గురువారం

సాయంత్రం రూట్ కెనాల్ చేస్తుంటే చేతిలోనే జవాబు లాంటిది కనిపించింది.

పదిహేనేళ్ల కిందట నేను కెనాల్ శుభ్రం చేయడమంతా చేతి ఫైళ్లతోనే. ఇప్పుడు మోటారు మీద తిరిగే ఫైళ్లున్నాయి. వేగం ఎక్కువ, ఆకారం నున్నగా వస్తుంది. బలం మితి మీరితే మోటారే వెనక్కి తిరుగుతుంది. చేతి కంటే మేలైన పని, సందేహం లేదు. అయినా నేను మోటారు పెట్టకముందు పదో నంబరు చేతి ఫైలు లోపలికి పంపుతాను. కెనాల్ ఎక్కడ వంపు తిరిగిందో, ఎక్కడ సన్నబడిందో వేళ్లకు ముందు అదే చెబుతుంది. ఆ కబురు అందాక మోటారు పట్టుకున్నా పర్వాలేదు. అది తెలియకుండా పట్టుకుంటే నాకు లోపల దారి తెలియదు.

గేరు కడ్డీ నాకు ఆ పదో నంబరు ఫైలు. ఇంజన్ ఎంత బరువు మోస్తోందో, రోడ్డు ఎంత ఎత్తుకుందో ఎడమ కాలి కిందా, ఎడమ అరచేతిలోనూ తెలుస్తుంది. అది పోతే బండి బాగానే పోతుంది. నాకు కబురు అందదు.

జూన్ 23, ఆదివారం

తోటి డాక్టరు ఒకావిడ తన స్లావియా కారు ఇచ్చింది. ఇంజన్ అదే, డీఎస్‌జీ కూడా అదే. ఆయనా నేనూ శ్రీశైలం వెళ్లొచ్చాం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తీస్తారు కాబట్టి మూడున్నరకే బయల్దేరాం. నల్లమల తొలకరికి పచ్చబడింది. పులుల అడవి, నెమ్మదిగా పోవాలి. రోడ్డు మీద కోతులు కూర్చుని ఉంటాయి. ఆ రోడ్డు మీద ఆటోమేటిక్ హాయిగా ఉందని నిజాయితీగా రాసుకుంటున్నాను. చేతులు స్టీరింగ్ మీద, కళ్లు అడవి మీద.

ఈగలపెంట దాటాక ఆనకట్ట దిగువన కృష్ణ మీది వంతెన దాకా ఘాట్ దిగుతుంది. అక్కడ తేడా తెలిసింది. డీ లో ఉంచితే గేర్‌బాక్సు పెట్రోల్ పొదుపు చూసుకుని పై గేరుకు పోతానంటుంది. పై గేరులో ఇంజన్ బండిని పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఎక్కడానికి ఏ గేరో దిగడానికీ అదే గేరు అన్నది ఘాట్ రోడ్డు మీద ప్రాణాలు కాపాడే మాట. బ్రేకు మీద కాలు అదేపనిగా ఉంచితే అవి వేడెక్కి పట్టు సడలుతాయి. రెండు మలుపులు చూసి ఎస్ మోడ్‌లో పెట్టాను. తర్వాత స్టీరింగ్ వెనక మీటతో రెండుకు తెచ్చాను. బుద్ధిగా విన్నది. ఇంజన్ తట్టుకోలేని గేరు అడిగితే ఇవ్వదు కూడా. మాన్యువల్‌లో అయిదు నుంచి నాలుగుకు దిగబోయి పొరపాటున రెండులో వేస్తే ఇంజన్ పాడైపోవచ్చు. ఈ కాపలా చిన్నదేం కాదు.

అయినా మీట నొక్కినప్పుడల్లా అడుగుతున్నట్టుంది. అడిగితే ఇచ్చింది. స్విఫ్ట్‌లో ఇదే ఘాట్ పదిసార్లు దిగాను. మలుపు ముందు బ్రేకు, క్లచ్, గేరు దించుతూ కుడి కాలితో కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి ఇంజన్ వేగాన్ని చక్రాల వేగానికి కలపడం, క్లచ్ వదలడం. సరిగ్గా కలిసిన సారి బండి కుదుపు లేకుండా మలుపులోకి జారుతుంది. పదింటిలో ఆరుసార్లు కలుస్తుంది నాకు. ఆ ఆరూ నావి.

జూన్ 25, మంగళవారం

గుంటూరుకు ఫోన్ చేశాను. నాకు డ్రైవింగ్ నేర్పింది మామయ్యే. ముప్పై ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపాడు. గేరు కడ్డీ స్టీరింగ్ కింద ఉండేది, బండి పూర్తిగా ఆగితే గానీ ఫస్ట్ గేరు పడేది కాదు. మాన్యువల్ తీసుకోమంటాడనే నమ్మకంతో అడిగాను.

"ఆటోమేటిక్ తీసుకో అమ్మాయ్. నేను క్లచ్ తొక్కింది సరదాకి కాదే. పెళ్లివాళ్లని తిరపతి తీసుకెళ్లి తెల్లారి తిరిగొచ్చేసరికి ఎడం కాలు బండలా ఉండేది. మీ అత్త వేణ్ణీళ్లు కాచి పోసేది. అప్పుడే ఉంటే నేనూ అదే నడిపేవాణ్ణి."

"నువ్వు కిరాయికి నడిపావు మామయ్యా. నేను ఇష్టంకొద్దీ కొనుక్కుంటున్నాను."

"ఇష్టంకొద్దీ అయితే నన్నెందుకు అడుగుతున్నావ్?"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాల్కనీలో కూర్చున్నాను. మామయ్య మాట తోసేయలేను. టాక్సీ, లారీ, బస్సు నడిపేవాళ్లకు ఆటోమేటిక్ సుఖం కాదు, న్యాయం. రోజుకు పది గంటలు క్లచ్ తొక్కే మనిషి దగ్గర మాన్యువల్ ఆనందం గురించి మాట్లాడకూడదు. నాది వేరు లెక్క. కానీ నా 143 కూడా ఆ లెక్కలోదే.

జూన్ 30, ఆదివారం

మాన్యువల్ బండి వచ్చింది. గంటసేపు నడిపాను.

స్విఫ్ట్ క్లచ్ కంటే తేలిక. 250 న్యూటన్ మీటర్ల టార్క్ 1600 ఆర్‌పీఎం నుంచే అందుతుంది కాబట్టి ఊళ్లో మూడో గేరు చాలా పని చేస్తుంది. మాటిమాటికీ మార్చక్కర్లేదు. ఆ 1600 కిందికి పడితే మాత్రం టర్బో నిద్రలో ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక రెండులో బరువుగా లేచింది, ఒకసారి ఫస్ట్‌కి దించాల్సి వచ్చింది. డీఎస్‌జీ ఈ లోటు మనకు తెలియనివ్వదు. ఓఆర్‌ఆర్ ర్యాంపు మీద రెండు, మూడు, నాలుగు. ప్రతిసారీ చిన్న ఆగుడు, మళ్లీ తోపు. డీఎస్‌జీ కంటే నెమ్మదే. వెనక సీట్లోంచి మా అమ్మాయి "అమ్మా, ఇంకోసారి" అంది. డిసెంబరులో దానికి పద్దెనిమిది నిండుతాయి.

తిరుగుదారిలో జేఎన్‌టీయూ దగ్గర పన్నెండు నిమిషాలు ఇరుక్కున్నాం. కావాలనే అప్పుడే ఆ దారిన వచ్చాను. నా పక్క బండ్లన్నీ అంగుళం అంగుళం జరుగుతున్నాయి. ఆటోమేటిక్ వాళ్లకు ఒక మాట చెప్పాలనిపించింది. ఈ డీఎస్‌జీలోని పొడి క్లచ్‌లు అలా జరిగినప్పుడల్లా రాసుకుంటూ వేడెక్కుతాయి. మనం హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టినట్టే అది కూడా. ముందు కాస్త ఖాళీ రానిచ్చి, బ్రేకు వదిలి ఒక్కసారి కదిలితే మంచిది. క్లచ్ పెడల్ లేదంటే క్లచ్ లేదని కాదు.

నేనూ అలాగే చేశాను. ఖాళీ రానిచ్చి, ఫస్ట్‌లో కదిలి, న్యూట్రల్ చేసి కాలు తీసేశాను. మోకాలు నొప్పెట్టలేదు.

జూలై 3, బుధవారం

మాన్యువల్ బుక్ చేశాను.

ఆయనతో ఒక ఒప్పందం. మొదటి పేషెంటును తొమ్మిదింటికి కాకుండా ఎనిమిదింటికే రమ్మంటాను. ఏడున్నరలోపు ఇల్లు కదులుతాను. సాయంత్రం ఆరుకు బదులు నాలుగింటికి క్లినిక్ కట్టేస్తాను. ట్రాఫిక్‌లో గంట నిలబడటానికి సుఖమైన బండి కొనడం కంటే ఆ గంట తగ్గించుకోవడం మేలని నాకు అనిపించింది. వేళలు చేతిలో లేనివాళ్లు, మోకాలు నిజంగా అరిగినవాళ్లు మారుమాట లేకుండా ఆటోమేటిక్ తీసుకోవాలి. నాకు వేళలు చేతిలో ఉన్నాయి. ఆయన ఒక్కటే అడిగారు, "నొప్పి వస్తే దాచకుండా చెబుతావా?" అని. చెబుతానన్నాను.

ఆగస్టు 9, శుక్రవారం

శ్రావణ శుక్రవారం. బండి వచ్చింది. అత్తయ్యగారు పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఫస్ట్ గేరులో కదిపాను.

ఆగస్టు 12, సోమవారం

ఏడుంబావుకు బయల్దేరాను. కొండాపూర్ దాకా ముప్పై ఒక్క నిమిషం. క్లచ్ అరవై ఎనిమిది సార్లు.