లాకుల నుంచి శివారు దాకా

ధవళేశ్వరం బ్యారేజీ మీద ఆగి అటూ ఇటూ చూస్తే రెండు గోదావరులు కనిపిస్తాయి. ఎగువన గట్లు ఒరుసుకుంటూ నిండు నీళ్ళు. దిగువన ఇసుక మేటలు, వాటి మధ్య దారి వెతుక్కుంటూ పోయే సన్నటి పాయలు. సంక్రాంతి దాటాక ఏటా ఇదే తీరు. వర్షాకాలంలో లక్షల క్యూసెక్కులు సముద్రానికి వదిలేసిన నది, రెండో పంట దాళ్వాకొచ్చేసరికి ప్రతి చుక్కా లెక్కపెట్టుకుంటుంది. ఆ రోజుల్లో గోదావరి నదిలో ఉండదు, కాలవల్లో ఉంటుంది. అందుకే మధ్యలో ఒక రాత్రి ఎక్కడో పడుకుని, సైకిల్ మీద సముద్రం దాకా వెళ్ళాలనుకున్నప్పుడు నేను నదిని వదిలి కాలవని పట్టుకున్నాను. బొబ్బర్లంకలో నది నుంచి విడివడి, లొల్ల లాకుల దగ్గర చీలి, గన్నవరంలో ఇంకో నదీపాయని పైనుంచి దాటి, సఖినేటిపల్లి పొలాల్లో ఇంకిపోయే కాలవ అది.

బండి మౌంటెన్ బైకే గానీ గేర్లు లేవు. ముందు 32 పళ్ళు, వెనక 18. చక్రాలు 29 అంగుళాలవి, టైర్లు రెండంగుళాలకు పైబడ్డ వెడల్పువి. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి నాలుగు మీటర్లు పోతుంది. నిమిషానికి ఎనభై చుట్లు తొక్కితే గంటకి పంతొమ్మిది, ఇరవై కిలోమీటర్లు. అంతకు మించి కావాలంటే కాళ్ళు గాలిలో తిరిగినట్టుంటుంది, ఎత్తు వస్తే లేచి నిలబడి తొక్కాలి. మార్చుకునే వీలు లేదు కాబట్టి నేల ఎటు వాలుతోందో, గాలి ఎటు తిరిగిందో ముందు మోకాళ్ళకే తెలుస్తుంది. హ్యాండిల్‌కి కట్టిన సంచిలో పడక, దోమతెర. సీటు వెనక బట్టలు. ఫ్రేము మధ్యలో పంపు, ట్యూబు, చైను లింకులు, నీళ్ళు. బరువంతా కిందికి, మధ్యకి ఉండేలా సర్దుకుంటే గట్ల మీద బండి అదుపు తప్పదు.

బ్యారేజీ నాలుగు ముక్కలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, మధ్యలో లంకలు. మొత్తం 175 గేట్లు. ఇప్పుడున్నది 1982లో పూర్తయినది. దీనికి ముందు ఇక్కడ ఉన్నది 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట. కాటన్ విగ్రహం లేని ఊరు డెల్టాలో అరుదు. కూలీలను కూడగట్టి ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న పేరు మాత్రం ఈ గట్ల మీద అంతగా వినపడదు. వినపడాలని నా కోరిక.

కాటన్ పనిలో నన్ను అబ్బురపరిచేది ఆనకట్ట కంటే కాలవల వాటం. ఆనకట్ట దగ్గర నీటిమట్టం సముద్రం కంటే పద్నాలుగు మీటర్లు కూడా ఎత్తు లేదు. అక్కణ్ణుంచి సముద్రానికి తొంభై కిలోమీటర్ల దారి. అంటే కిలోమీటరుకు జానెడు కూడా దక్కని వాలు. నీరు పల్లమెరుగు అంటాం గానీ, ఇంత సన్నటి పల్లాన్ని వెతికిపట్టి, ప్రతి పొలానికీ నీరు ఎక్కేలా కాలవను మెరకల మీదుగా నడిపించి, మురుగును పల్లాల గుండా వదిలించడం మనుషులు చేసిన పని. లేజర్లు లేని కాలంలో, మూడు కాళ్ళ లెవెల్ యంత్రాలతో, చేతి గొలుసులతో చేశారు. ఆ వాటం కంటికి ఆనదు. ఒంటి గేరు బండి మీద వెళ్తే పిక్కలకు ఆనుతుంది.

బొబ్బర్లంక హెడ్ స్లూయిస్ దగ్గర మధ్య డెల్టా ప్రధాన కాలవ మొదలవుతుంది. నీళ్ళు గేట్ల కింద నుంచి బుసకొట్టి, నాలుగడుగులు పోయేసరికి నెమ్మదిస్తాయి. గట్టు మీద ఎర్ర గ్రావెల్, ట్రాక్టర్లు దిగబడ్డ చోట గాళ్ళు, నీడకి నిద్రగన్నేరు చెట్లు. తుమ్మముళ్ళు ఉంటాయి, చూసుకుని పోవాలి. ఒక పక్క నిండు కాలవ, ఇంకో పక్క దాళ్వా ఊడ్పులు. ఆకుమళ్ళ నుంచి కట్టలు మోసే మగవాళ్ళు, వరసగా వంగి నాటే ఆడవాళ్ళు. మధ్యాహ్నం రెండు దాటేవరకూ బండి తనంత తాను పోతున్నట్టే ఉంది. కాలవలో కొట్టుకొచ్చే కొబ్బరిమట్టను దాటి కొంత ముందుకెళ్ళి, నీళ్ళు తాగడానికి ఆగితే అది మళ్ళీ నన్ను దాటిపోయేది.

రెండు దాటాక సముద్రపు గాలి లేచింది. డెల్టాలో కొండలు లేవు, ఎదురుగాలే కొండ. దానికి శిఖరం ఉండదు, అవతలి వాలు ఉండదు. గేర్లున్న బండైతే ఒకటి రెండు తగ్గించుకుని కూర్చునే తొక్కొచ్చు. దీనిమీద మోచేతులు వంచి, తల దించి, వేగం పన్నెండుకి పడిపోయినా అదే ఒత్తిడిని గంటలకొద్దీ భరించాలి. ఎదురుగా పాలక్యాన్లు కట్టుకున్న పాత సైకిలతను వస్తూ నా బండి వైపు చూసి కాలు కింద పెట్టాడు.

"గేర్లు లేవాండి దీనికి?"

"లేవండి. ఒకటే."

"మాదీ అంతే గదండి. ఇక్కడ గేర్లతో పనేముంటదండీ, గాలికి ఆగడం తెలిస్తే చాలు. నాలుగున్నరకి పడిపోద్ది, అప్పుడెళ్ళండి."

ఆ మాట విన్నాను. డెల్టాలో పాలు, చేపలు, కొబ్బరికాయలు, బడిపిల్లలు తరతరాలుగా ఒంటి గేరు మీదే తిరిగారు. నీళ్ళ కోసం సరిచేసిన వాటం మనిషి కాళ్ళకీ సరిపోయింది.

గాలి తగ్గే వరకూ ఆత్రేయపురంలో ఆగాను. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఊరు. ఒక వాకిట్లో బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. మట్టికుండే, కానీ అడుగు నున్నగా మెరుస్తోంది. జయ బియ్యం రుబ్బి పలచగా కలిపిన పిండిలో పల్చటి గుడ్డ ముంచి, రెండు చివరలూ పట్టుకుని కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తుంది ఆవిడ. గుడ్డ లేచేలోపే తడి ఆరి, అంచు లేస్తుంది. ఆ అంచును గోటితో అందుకుని ఒలిస్తే అవతలి మనిషి కనిపించేంత పల్చటి రేకు. మంట కాస్త ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుపోతుంది. ఎదురుగాలిలో ఒకే గేరు మీద వేగం నిలపడమూ ఇలాంటి పనేనని అక్కడ కూర్చుని అనుకున్నాను.

లొల్ల లాకులు సినిమాల్లో అందరూ చూసినవే. కాలవ ఇక్కడ చీలి గన్నవరం కాలవ, అమలాపురం కాలవ తమ తమ దారులు పడతాయి. లాకులు కట్టింది అందం కోసం కాదు. ఈ కాలవలు ఒకప్పుడు రహదారులు. ధాన్యం, కొబ్బరి, మనుషులు పడవల్లో వెళ్ళేవారు. వాలు అంతా ఒకే చోట మెట్టులా దించి, రెండు తలుపుల మధ్య పడవను నిలిపి నీళ్ళు వదిలితే అది కింది మట్టానికి దిగేది. పడవలు పోయాయి, లాకులు నీటి పంపకానికి మిగిలాయి. గేటు పక్క స్కేలు చూసి నీటిమట్టం రాసుకుంటున్న లస్కర్ దగ్గర కాసేపు నిలబడ్డాను. ఎగువ ఇంత, దిగువ ఇంత, ఏ కాలవకి ఎన్ని అంగుళాలు గేటు లేపాలి, అన్నీ నోటికి వచ్చు. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు తప్ప గట్టు విడిచి వెళ్ళేది లేదన్నాడు. కింద వేల ఎకరాల తడి ఒక మనిషి చేతిలోని ఇనప చక్రం మీద ఆధారపడి ఉందని తెలిశాక ఆ పనికిచ్చే జీతం ఎంతన్నది అడగాలనిపించలేదు.

రావులపాలెంలో జాతీయ రహదారి దాటడం, అరటిగెలల లారీల మధ్య నుంచి తప్పించుకోవడం తప్ప చెప్పేదేం లేదు. అక్కడి నుంచి చీకటి పడేలోపు గన్నవరం వైపు. పెడల్ కింద నిజమైన ఎత్తు తగిలింది ఆ దారిలోనే, ఏటిగట్టు ఎక్కే ర్యాంపు దగ్గర. కోనసీమలో ఎత్తు అంటే ఏటిగట్టే. వరదని ఊళ్ళోకి రాకుండా ఆపేది అదే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్పయ్యైదు లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి చాలాచోట్ల గట్లు తెగాయి. ఆ తర్వాత వాటిని పెంచారు. ర్యాంపు ఇరవై గజాలే. కానీ రోజంతా చదునులో తిరిగిన కాళ్ళకి లేచి నిలబడి, హ్యాండిల్ పట్టి లాగి, ఒక్కో చుట్టూ నెట్టుకుంటూ ఎక్కాల్సి వచ్చింది. పైకెక్కాక ఒక పక్క లంకతోటలు, ఇంకో పక్క ఊళ్ళ దీపాలు.

పడుకోవడానికి తోటలో చోటు అడిగితే మకాం దగ్గరున్న రైతు ముందు పైకి చూశాడు. "కొబ్బరిచెట్టు కింద వద్దు బాబూ. కాయే అక్కర్లేదు, ఎండుమట్ట పడినా లేవరు. అదిగో, మావిడిచెట్టు కింద వేసుకోండి." మామిడిచెట్టు చుట్టూ పాతిక అడుగుల మేర కొబ్బరి లేదు, పనివాళ్ళు పడుకోవడానికి అలా వదిలిన చోటట. 1996 నవంబరు తుపానులో తోట సగం పడిపోయిందని, ఇప్పుడున్నవి ఆ తర్వాత వేసినవని చెప్పాడు. మకాం గోడ మీద గీత చూపించి, ఎనభయ్యారు నీళ్ళు ఇక్కడిదాకా అన్నాడు. అది నా ఛాతీ ఎత్తు. నేను వండుకునేలోపే ఇంటి నుంచి అన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ వచ్చాయి. డబ్బు మాట ఎత్తితే, "ఇది సీతమ్మగారి గన్నవరం అండి" అన్నాడు, అంతే.

డొక్కా సీతమ్మ 1841లో పుట్టి 1909లో పోయారు. లంకల గన్నవరంలో ఆవిడ ఇల్లు పాయలు దాటి అలసి వచ్చే బాటసారుల దారిలో ఉండేది. వేళ అనకుండా, కులం అడక్కుండా వచ్చినవాళ్ళకి అన్నం పెట్టడమే ఆవిడ చేసిన పని. ఇప్పుడు రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. ఆ పేరు అక్కడ బోర్డుకే పరిమితం కాలేదని ఆ రాత్రి నాకు అన్నం పెట్టిన ఇల్లు సాక్ష్యం.

పొద్దున్నే మంచు. హ్యాండిల్ తడి, చైను మీద సన్నటి తుప్పు. నూనె వేసి, బిగువు చూసుకుని బయల్దేరాను. ఒంటి గేరుకి చైను వదులైతే జారిపోతుంది, మరీ బిగిస్తే తొక్కుడు బరువెక్కుతుంది. గన్నవరం ఆక్విడెక్టు దగ్గర మంచు విడుతోంది. కింద వైనతేయ పాయ, ఇసుక మీద సన్నగా. పైన కాలవ, ఒడ్డు నిండా. నది మీద నది పోతోంది, పైది కిందిదానికంటే పెద్దది. పక్కనే కాటన్ నాటి పాత ఆక్విడెక్టు కమానులు. కొత్తదానికి సీతమ్మ పేరు. అవతల వైనతేయకీ వశిష్ఠకీ మధ్య ఉన్న నగరం ద్వీపం అంతటికీ సాగునీరు ఈ తొట్టి గుండానే వెళ్ళాలి.

ఆ ద్వీపం నేలలో గ్యాస్ కూడా ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి, నిద్రలో ఉన్నవాళ్ళు ఇళ్ళల్లోనే కాలిపోయారు. పైపుల వెంట పసుపురంగు గుర్తులు పొలాల మధ్య ఇప్పటికీ కనిపిస్తాయి. నేల కింద దొరికినదానికి దూరాన ఉన్న వాళ్ళు వెలుగు అనుభవిస్తే, మూల్యం ఇక్కడివాళ్ళు చెల్లించారు. అక్కడ ఆగి ఫొటో తీయబుద్ధి కాలేదు.

రాజోలు దాటాక కాలవ సన్నబడుతూ వచ్చింది. గుర్రపుడెక్క, తూడు అల్లుకుని నీరు కనపడని చోట్లున్నాయి. వరి తగ్గి చేపల, రొయ్యల చెరువులు పెరిగాయి. కొబ్బరిచెట్ల మొవ్వులు చెరువుల పక్కన పాలిపోయి ఉన్నాయి, వేళ్ళకి ఉప్పు తగిలింది. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళాను. ఎగువన ఆనకట్టలు, జలాశయాలు ఒండ్రును ఆపేశాక డెల్టాకి కొత్త నేల రావడం తగ్గింది. సముద్రం మాత్రం తన పని మానలేదు. ఒడ్డున వేళ్ళు తేలి ఒరిగిపోయిన సరుగుడు చెట్లు చూస్తే అర్థమవుతుంది.

మధ్యాహ్నం తిరుగు దారిలో సఖినేటిపల్లి రేవు వైపు. నర్సాపురానికి పంటు అక్కడే. నిన్న ఎదురైన గాలి ఇప్పుడు వెన్నుతట్టింది. పెడల్ తిప్పనక్కర్లేకుండానే బండి పరుగెత్తింది. దారిలో పంటబోదె గట్టు మీద ఒక రైతు కూర్చుని ఉన్నాడు. బోదెలో అడుగున తడి తప్ప పారుదల లేదు. నాట్లేసిన పదిహేను రోజుల చేను బీటలిచ్చే ముందున్న రంగులో ఉంది. శివారు భూమి అంటే ఇది. కోనసీమ రైతులు 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించి సాగు ఆపిందీ ఈ కష్టాల వల్లే. మురుగు పోదు, నీరు అందదు, గిట్టుబాటు రాదు.

ఎక్కణ్ణుంచి అని అడిగాడు. బొబ్బర్లంక నుంచి కాలవ వెంటే వచ్చానంటే లేచి నిలబడ్డాడు.

"లొల్ల కాడ నీళ్ళెలా ఉన్నాయండి?"

"నిండుగా ఉన్నాయండి. గన్నవరం ఆక్విడెక్టు మీద కూడా ఒడ్డు దాకా పారుతున్నాయి ఇవాళ పొద్దున."

"అయితే మా వంతు మొదలైనట్టే. మజ్జిలో ఎవరూ తూము ఎత్తుకోకపోతే రెండ్రోజులు. తూడు ఎక్కడెక్కడ ఉంది? లస్కర్‌కి ఫోను చేస్తా."

ఆక్విడెక్టు దాటాక రెండో వంతెన కింద, ఆ తర్వాత చేపల చెరువు మలుపులో, రాజోలు ఇవతల స్లాబు కల్వర్టు దగ్గర పూర్తిగా మూసుకుపోయి, ఇంకా కిందికి గుడి వెనక కొంత మేర. ఒక్కో చోటూ చెబుతుంటే ఆయన వేళ్ళ మీద గుర్తుపెట్టుకుంటూ, నడుమున దోపుకున్న ఫోను బయటికి తీశాడు.