వాడికి తెలియకుండా...

“వాడికి తెలియకుండా కలిపే మందేదైనా రాసివ్వండి సార్, పెరుగన్నంలో పెట్టేస్తాను.”

విశాఖపట్నంలోని ఒక మానసిక వైద్యుడిని చాలామంది తల్లులు మొదట అడిగేది ఇదే. కొడుకు గంజాయి తాగుతున్నాడని తెలిసి అప్పటికే ఏడాదవుతుంది. తాయెత్తు కట్టించారు, ఫోన్ లాక్కున్నారు, కొన్నాళ్లు పిన్ని వాళ్ల ఊరికి పంపారు. ఏదీ ఫలించక ఆసుపత్రికి వస్తారు. వచ్చింది తల్లిదండ్రులే. ఆ సంగతి కుర్రాడికి తెలియనే తెలియదు.

ఆ మాట వింటే డాక్టరుకు ఒళ్లు మండుతుంది. మరుక్షణం ఎదురుగా ఉన్న తల్లి నిద్రలేని కళ్లు చూసి గొంతు తగ్గిస్తారు.

గంజాయి మాన్పించే మాత్ర లేదు. ఉన్నది కౌన్సెలింగ్, కుటుంబం తోడు, దానితో పాటు పుట్టిన జబ్బులుంటే వాటికి మందులు. “రోగికి తెలియకుండా” అంటూ అమ్మే పొడుల్లో ఏముందో ఎవరికీ తెలియదు. మద్యం మాన్పించేందుకు వాడే డైసల్ఫిరామ్ మాత్రల్ని నలిపి కలిపే ఇళ్లూ ఉన్నాయి. గంజాయికి దానివల్ల ఉపయోగం లేదు. పైగా అది ఒంట్లో ఉండగా కుర్రాడు బీరు తాగితే వాంతులై, గుండె దడ హెచ్చి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి అదే జరిగింది. సమయానికి ఎమర్జెన్సీకి తెచ్చారు, బతికాడు. కానీ అన్నంలో కలిపిన సంగతి తెలిశాక మూడు నెలలపాటు తల్లి చేతి ముద్ద ముట్టలేదు. బయట టిఫిన్లతోనే గడిపాడు. ఆ తల్లి రోజూ కంచం పెట్టి ఎదురుచూసేది.

మెదడు ఎదుగుదల సుమారు పాతికేళ్ల దాకా సాగుతుంది. ఆలోపు వాడిన గంజాయి కొందరిలో సైకోసిస్‌కు దారితీస్తుంది: చెవిలో మాటలు వినిపిస్తాయి, తనకెవరో విషం పెడుతున్నారన్న అనుమానం పట్టుకుంటుంది. అలాంటి పిల్లాడి అన్నంలో ఇంట్లోవాళ్లే నిజంగా ఏదో కలిపితే, ఆ అనుమానం తీర్చేదెవరు?

అయితే ఆ డాక్టరును ఇప్పటికీ బాధించేది మరో కేసు. ఆ కుర్రాడు తనంతట తానే వచ్చి మానేశాడు. మానిన మొదటి వారం నిద్ర పట్టదు, ఆకలుండదు, చీటికీమాటికీ చిరాకు. రెండు వారాల్లో చాలామటుకు తగ్గుతుంది. తండ్రి దాన్ని పొగరనుకున్నాడు. పన్నెండో రోజున మూత్ర పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది. “అబద్ధాలకోరు” అని బయటికి గెంటేశాడు. రోజూ తాగేవాళ్లలో, మానేశాక కూడా గంజాయి ఆనవాళ్లు మూత్రంలో వారాల తరబడి కనిపిస్తాయి. కుర్రాడు చెప్పింది నిజం కావచ్చు. ఈ ఒక్క ముక్క తండ్రికి ముందే చెప్పి ఉండాల్సిందని డాక్టరు బాధ. ఆ కుర్రాడు మళ్లీ పాత స్నేహితుల గదికే చేరాడు. ఇప్పుడాయన మొదటి రోజే తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పి, వాళ్లచేత తిరిగి చెప్పించుకుంటారు.

పోలీసు కేసవుతుందన్న భయంతో దాచేవాళ్లూ ఎక్కువే. మాదకద్రవ్యాలపై 1985లో తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. తక్కువ పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ, లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. అమ్మేవాడు వేరు, అలవాటుపడ్డవాడు వేరని చట్టానికే తెలుసు. సొంత ఇంట్లో ఆ తేడా తెలియకపోవడమే ఆయనకు మింగుడుపడదు.

2019లో వెలువడిన జాతీయ సర్వే దేశంలో 3.1 కోట్ల మంది గంజాయి, భంగు వంటివి వాడుతున్నారని లెక్కగట్టింది. మీ ఇంట్లోనూ ఒకరుంటే సిగ్గుపడి దాచకండి. 14446 వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్, ఉచితం. ఫోన్ చేయండి. చేస్తున్నామని ముందుగా మీ పిల్లాడికి చెప్పండి.