రాజపాళయం కొండతేనె

రాజపాళయం అనగానే మనవాళ్లకు తెల్లని వేటకుక్కలు గుర్తుకొస్తాయి. 1949లో మద్రాసు ముఖ్యమంత్రి అయిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారిదీ ఈ ఊరే. తరాలుగా తమిళనాట ఉన్నా ఇక్కడి రాజుల ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది. నాకు మాత్రం ఆ ఊరంటే పడమటి కొండలు, అక్కడి తేనె.

పెద్ద తేనెటీగలు కొండచరియలకూ, ఎత్తైన చెట్లకూ పట్టు పెడతాయి. పెట్టెల్లో ఇమడవు. పళియర్లు పొగబెట్టి, తాళ్లమీద వేలాడి పట్టు కోస్తారు. ఆ తేనె పలచన. తేమ 20 శాతం దాటితే పులిసే ప్రమాదం ఉంది. కొండ కింది తోటల్లో మామిడిపండుకూ ఇదే గతి, నాలుగు రోజులాగదు. జామో, తాండ్రో చేయగలవాడికే ధర. నిలవ పెట్టలేనివాడు వచ్చిన ధరకు ఇచ్చేయాల్సిందే. బ్యాంకులో పనిచేసే నాకు అసలు చిక్కు ఇక్కడే కనిపిస్తుంది.

2006 అటవీ హక్కుల చట్టం తేనెపై హక్కు తరతరాలుగా అడవిలో బతికేవారికే ఇచ్చింది. ఈ అడవులు 2021లో శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యంలో చేరాయి. హక్కుతో పాటు తేమ తీసే ఏర్పాటూ, సీసాలకు చిన్న అప్పూ దొరికితేనే కష్టానికి ఫలితం.

తేనె గడ్డకడితే కల్తీ అని పారేయకండి. అది సహజమే, సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది. బేరమాడే ముందు ఆ తాళ్లను ఒకసారి తలుచుకోండి.