నా పాత ఫోను

వార్షిక సంచికకు ఏదైనా వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందిగా సంపాదకవర్గం వారు నన్ను కోరినప్పుడు, వారి మనస్సులో ఏ ప్రబంధకవిని గూర్చిన సాహిత్యవ్యాసమో ఉండి ఉంటుంది. తెలుగు అధ్యాపకుని వద్ద మరేం దొరుకుతుంది? కాని ఈ సంవత్సరం నా ఆలోచనలను ఆక్రమించుకొన్నది ప్రబంధం కాదు, ఒక పాత చేతిఫోను. కావున దానిని గూర్చియే వ్రాస్తున్నాను. పాఠకులు మన్నింతురు గాక.

ఆ ఫోనును 2016లో కొన్నాను. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఆరు నెలలు మాత్రమే అయింది. మొదటి నాలుగేళ్లు అది నన్ను ఏ విధంగానూ బాధించలేదు. అటు తరువాత దాని ఆయువు క్షీణించసాగింది. ఒకసారి బ్యాటరీ మార్పించాను. ఆ కొత్త బ్యాటరీ కూడ రెండేళ్లకే నీరసించింది. ఉదయం నిండుగా ఛార్జింగు ఎక్కించి ఇల్లు వదిలితే, రెండవ పీరియడు ముగిసేసరికి సగానికి దిగిపోయేది. ఉపన్యాసకుల గదిలో నా కుర్చీ క్రమక్రమంగా జరుగుతూ వెళ్లి స్విచ్చిబోర్డు ప్రక్కన స్థిరపడింది. నన్ను వెదుక్కుంటూ వచ్చిన విద్యార్థులు కూడ నేరుగా ఆ మూలకే వచ్చేవారు. మా ఉర్దూ శాఖాధిపతి గారు, "మియా, దీన్ని ఇంకా ఎన్నాళ్లు ఆక్సిజను మీద ఉంచుతారు?" అని పరిహాసమాడేవారు.

ఇక్కడ భాషాధ్యాపకునిగా ఒక్క మాట. ఛార్జింగు మన జనం నోట 'ఎక్కుతుంది', 'దిగుతుంది'. విషమూ మత్తూ కూడ అట్లే ఎక్కుతాయి, దిగుతాయి. అంతేగాక మా పల్లెలో 'సిగ్నలు లేదు' అనే మాట కన్న 'టవరు లేదు' అనే మాటే ఎక్కువగా వినబడుతుంది. ఊరి బయట టవరు కళ్లెదుటే నిలబడి ఉన్నప్పటికీ, అరుగు మీద కూర్చున్న మనిషి ఫోను చూచుకొని టవరు లేదంటాడు. ఏ పారిభాషిక పదకోశమూ నేర్పకుండానే జనం తయారుచేసుకొన్న మాటలివి. నాకు వీటి మీద ఎనలేని గౌరవం.

నా ఫోనుకు ఆ టవరు జబ్బు కూడ ఉండేది. కళాశాల పాత భవనపు రాతిగోడల నడుమ దానికి సంకేతం అందేది కాదు. ప్రక్కవారి ఫోన్లు చక్కగా పలుకుతూ ఉంటే నాది మాత్రం మూగనోము పట్టేది. కారణం తరువాత తెలిసింది. నా ఫోను 1800, 2300 మెగాహెర్ట్జుల 4జి తరంగాలను మాత్రమే అందుకొనగలదు. 850, 900 మెగాహెర్ట్జుల తరంగాలు అంతకంటె దూరం ప్రయాణిస్తాయి, గోడలను మెరుగుగా దాటుతాయి. నేను ఫోను కొన్న రోజులలో వాటిని అందుకొనలేని ఫోన్లు బజారులో అనేకం ఉండేవి. కొనేటప్పుడు ఈ సంగతి అడగాలని నాకు తెలియదు, అమ్మినవాడు చెప్పలేదు.

ఈ రెండు జబ్బులూ వేర్వేరు కావని తెలిసి ఆశ్చర్యపోయాను. సంకేతం బలహీనంగా ఉన్నచోట ఫోను తన గొంతు పెంచి అరవవలసి వస్తుంది. 4జి ఫోను గరిష్ఠంగా సుమారు 200 మిల్లీవాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. టవరు దగ్గరగా ఉంటే అందులో అత్యల్పభాగం చాలు. దూరమైన కొద్దీ, గోడలు అడ్డమైన కొద్దీ ఎక్కువ శక్తి ఖర్చుచేయాలి. అదీ చాలకపోతే ఇంకొక టవరు కోసం వెదుకుతూనే ఉండాలి. ఆ వెదుకులాటకు బలి అయ్యేది బ్యాటరీయే.

ఆ బ్యాటరీ కథ కూడ కొంత చెప్పాలి. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో మార్కెట్టుకు వచ్చింది. దానికి బాటలు వేసిన స్టాన్లీ విటింగ్‌హామ్, జాన్ గుడినఫ్, అకీరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 సంవత్సరాలు. బ్యాటరీలో లిథియం అయానులు రెండు ధ్రువాల నడుమ రాకపోకలు సాగిస్తాయి. ప్రతి రాకపోకలోనూ కొద్దిపాటి లిథియం గ్రాఫైటు మీద పేరుకొనే పొరలో చిక్కుకొని ఇక తిరిగి రాదు. మన రాయలసీమ ఎండలవంటి వేడిమి ఈ నష్టాన్ని త్వరపరుస్తుంది. అట్లే లోపలి నిరోధం పెరుగుతుంది. అందువల్ల ముసలి బ్యాటరీ ముప్పై శాతం ఉన్నానని చూపిస్తూనే, కాస్త బరువు పడగానే వోల్టేజి పడిపోయి, ఫోను ఉన్నట్టుండి ఆరిపోతుంది. చలిరాత్రులలో ఇది మరింత ఎక్కువ.

2024 డిసెంబరులో ఒక రాత్రి నాకు జరిగింది ఇదే.

పడుకొనబోయే ముందు చూచాను, 34 శాతం ఉంది. ఉదయం వరకు చాలుననుకొని తలగడ ప్రక్కన పెట్టి నిద్రపోయాను. మా నాన్నగారు ఆత్మకూరుకు అవతల, నల్లమల అంచున మా పల్లెలోనే ఉంటారు. ఆయనకు మధుమేహం. ఆ రాత్రి మందు వేసుకొని, ఆకలి లేదని అన్నం మానివేశారు. రెండు గంటల వేళ ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, ఆపాను కూడ గుర్తుపట్టలేదట. ఆపా నాకు పదకొండుసార్లు ఫోను చేసింది. పదకొండుసార్లూ స్విచ్చాఫ్ అని వచ్చింది. ఎదురింటి రెడ్డిగారబ్బాయి ఆయన నోట్లో చక్కెరనీళ్లు కొద్దికొద్దిగా పోసి, ఆటోలో ఎక్కించుకొని ఆసుపత్రికి తీసుకొనిపోయాడు. గ్లూకోజు ఎక్కించిన తరువాత తేరుకొన్నారు.

ఇదంతా నాకు తెల్లవారి ఆరుగంటలకు, ఫోనును ప్లగ్గులో గుచ్చిన తరువాత, ఒకదాని వెంట ఒకటి వచ్చిన సందేశాల వల్ల తెలిసింది.

మొదటి బస్సులో వెళ్లాను. నాన్నగారు మంచం మీద కూర్చొని టీ త్రాగుతున్నారు. నేను పోయిపోయి ఫోను సంగతే ఎత్తుకొన్నాను. బ్యాటరీ, టవరు, 34 శాతం, అన్నీ వివరించాను. తరగతిలో పాఠం చెప్పినట్లే చెప్పి ఉంటాను. ఆయన శాంతంగా విని, "నిన్న రాత్రి నీ ఫోను చచ్చింది, సరే బేటా. అది బతికున్న రోజుల్లో ఈ నెలలో నాకు ఎన్నిసార్లు చేసినావు?" అన్నారు. రెండుసార్లు. రెండవది కూడ పొలం పాసుపుస్తకం సంగతి అడగడానికి. ఆపా లోపలికి వెళ్లి గిన్నెలు కడగసాగింది.

ఆయన చేతిలో బటన్ల ఫోను ఉంది. ఒకసారి ఛార్జింగు ఎక్కిస్తే నాలుగు రోజులు వస్తుంది. దానిని చూచినప్పుడు నాకు సిగ్గువేసిన మాట వాస్తవం.

జనవరిలో కొత్త ఫోను కొన్నాను. నావంటి అన్‌ఎయిడెడ్ ఉపన్యాసకునికి అది నెల జీతంలో సగానికి దగ్గర. ఈసారి కెమెరా గూర్చి ఒక్క ప్రశ్న కూడ వేయలేదు. ఏయే తరంగాలు అందుకొంటుందో కాగితం మీద వ్రాసుకొని వెళ్లి అడిగాను. దుకాణంలోని కుర్రవాడు నన్ను వింతగా చూచాడు. 'సార్, 5జి ఫోనే' అన్నాడు. '900 ఉందా చెప్పు నాయనా' అన్నాను. పాపం, పెట్టె త్రిప్పి చూచి, లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చి చెప్పాడు. పాత ఫోనుకు ఐదువందలు ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. కాని ఇంటికి వచ్చి చూస్తే దాని వెనుకమూత కొంచెం లేచి ఉంది. బ్యాటరీ ఉబ్బింది. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఉంచుకోరాదు, చెత్తకుండీలో వేయరాదు, నలిగితే అంటుకొంటుంది. బాగుచేసే దుకాణంలో దానిని తీయించి, పాత ఎలక్ట్రానిక్ సామాను సేకరించేవారికి ఇమ్మని అక్కడే అప్పగించాను. ఖాళీ ఫోను మాత్రం బీరువాలో ఉంది.

కొత్త ఫోను కళాశాల రాతిగోడల మధ్య కూడ పలుకుతున్నది. నా కుర్చీ మళ్లీ కిటికీ దగ్గరకు వచ్చింది. రోజూ మగ్రిబ్ నమాజు అయిన తరువాత పల్లెకు ఫోను చేస్తున్నాను. మాట్లాడుకొనేది ఎక్కువేమీ ఉండదు. అన్నం తిన్నారా, మాత్ర వేసుకొన్నారా, శనగ ఎట్లుంది. మొదటి రోజు మాత్రం ఆయన కొత్త ఫోను ధర ఎంతని అడిగారు. మూడువేలు తగ్గించి చెప్పాను. కొంతసేపు ఏమీ పలుకలేదు. టవరు పోయిందేమో అనుకొన్నాను.

"ఎక్కువ పెట్టినావు" అన్నారు.