మేడమీద మరమ్మతు

మా మనవడు చిరంజీవి ఇంజనీరింగు మూడో ఏడు చదువుతూ కిందటి ఏడాది ఒక దళం కట్టాడు. దళం అని నేనంటాను, వాడు బ్యాండు అంటాడు. బ్యాండనగానే మా ఆవిడకు పెళ్ళి ఊరేగింపులో ఎర్రకోట్లు తొడుక్కుని బాకాలూదే వాళ్ళే గుర్తొచ్చారు. "వీడికి ఆ కోటు ఎవరు కుట్టిస్తారండీ?" అని దిగులుపడింది.

కోట్లు లేవు. నలుగురు కుర్రాళ్ళు, రెండు గిటార్లు, ఒక డ్రమ్ముల సెట్టు, భవానీపురంలో మా మేడమీది గది. అంతే సరంజామా. ఆదివారం సాయంత్రం అయిదయ్యేసరికి వంటింట్లో గిన్నెలు కూడా తాళం వేసేవి.

ఒక నెల ఓర్చుకున్నాను. రెండో నెలలో పక్కింటాయన వచ్చి, కాఫీ పుచ్చుకుని, "మాష్టారూ, మేడమీద ఏదైనా మరమ్మతు చేయిస్తున్నారా?" అని ఎంతో మర్యాదగా అడిగి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది. ఆ మర్యాదకు నాకు తల కొట్టేసినట్టయింది.

వాణ్ణి పిలిచాను. "ఇదేం సంగీతంరా?"

"పంక్ రాక్, తాతగారూ."

ఫోను తీసి ఏదో వినిపించాడు. మేం భూగోళంలో యుగోస్లావియా అని చదువుకున్న దేశం ఇప్పుడు లేదు. అందులో ముక్కయిన సెర్బియాలో, డాన్యూబు నది ఒడ్డున నోవీసాద్ అనే ఊరుందిట. 1978లో అక్కడ కొందరు కుర్రాళ్ళు కలిసి పెట్టిన దళం పేరు పెకింష్కా పాట్కా. పెకింగ్ బాతు అని అర్థం! 1980లో వాళ్ళు తెచ్చిన మొదటి రికార్డుకు 'లోతులేని కవిత్వం' అని పేరు పెట్టుకున్నారు. ఇది మాత్రం నాకు నచ్చింది. మన కవుల్లో ఎందరికి ఆ ధైర్యం ఉంది? 1981లో రెండో రికార్డు తెచ్చి, ఆ ఏడే విడిపోయారు.

"మూడేళ్ళ ముచ్చటేనా?" అన్నాను.

"మూడేళ్ళు చాలు తాతగారూ" అన్నాడు వాడు.

నాకు ఒళ్ళు మండింది. "చదువు పూర్తయ్యాక చూద్దాం. మేడ తాళం ఇటియ్యి" అన్నాను. వాడు మారుమాట లేకుండా ఇచ్చేశాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఎందుకంటే, నేనూ ఒకప్పుడు దళం కట్టినవాణ్ణే. 1962లో, దివిసీమలో మా ఊళ్ళో, పధ్నాలుగేళ్ళ వయసున. ముగ్గురం. గొంతున్నవాడు కథకుడు, గంభీరంగా ఉండేవాడు రాజకీయం, ఏ గొంతూ లేని నేను హాస్యం. కుమ్మరి తాతను బతిమాలి గుమ్మెటలు చేయించుకున్నాం. చెరువుగట్టున తందానతాన అంటుంటే గేదెలు మేత మాని మావైపు చూసేవి. వాటికి నచ్చిందనే ఇప్పటికీ నా నమ్మకం.

మాకు దేవుడు నాజర్ గారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల ఇంట పుట్టిన మనిషి. సంగీతం నేర్చాడు, నాటకాల్లో వేషాలు కట్టాడు, పొట్టకోసం కుట్టుపని చేశాడు. జంగాలు ఇంటింటా చెప్పుకునే కథకు కొత్త ఊపిరి పోసి, వేలమంది ముందు నిలబెట్టాడు. పెద్ద వాద్యాలేమీ లేవు. భుజాన తంబురా, వేలికి అందె, అటో గుమ్మెట, ఇటో గుమ్మెట, ముగ్గురి కాళ్ళకూ గజ్జెలు. 1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. ఆ ఏడే బెంగాలులో జనం తిండిలేక మలమల మాడిపోయారు. నాజర్ ఆ కరువునే కథగా కట్టి ఊరూరా చెప్పాడు. రాముడి కథ, బొబ్బిలి కథ అందరూ చెబుతారు. నిన్నగాక మొన్న చచ్చిన వాళ్ళ కథ చెప్పడానికి గుండె కావాలి. 1940ల చివర మద్రాసు సర్కారు ప్రజానాట్యమండలి నోరు నొక్కింది. తరువాత మరో సర్కారు 1986లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చిందనుకోండి.

మా దళం ఎనిమిది నెలలు బతికింది. ఒకనాడు మా నాన్నగారు గుమ్మెట లాక్కుని, "ఇది కూటికొస్తుందా, గుడ్డకొస్తుందా?" అని అటకమీద పడేశారు. నేను లెక్కల మాష్టరునయ్యాను. 1977 నవంబరు 19 ఉప్పెనలో అటకతో సహా ఆ ఇల్లే పోయింది. ఊళ్ళో సగం మంది లేరు. చెప్పవలసిన కథ అప్పుడుంది. చెప్పడానికి మేం ముగ్గురం ఒకచోట లేం. కథకుడు అసలు దొరకనే లేదు.

తెల్లారి కాఫీ తాగుతూ మనవణ్ణి అడిగాను, ఇంతకీ మీరు పాడేది దేన్ని గురించిరా అని. రెండు నెలలుగా చప్పుడు విన్నానే గాని మాట వినలేదు.

"బుడమేరు" అన్నాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగునగర్ మునిగిన సంగతి మీకు తెలిసిందే. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ మీదుగా పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణ పోయింది. వీడి దళంలో డ్రమ్ములు వాయించే కుర్రాడిది సింగునగరే. మూడు రోజులు డాబామీద అమ్మమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. కింద మంచం, పుస్తకాలు, డ్రమ్ములు అన్నీ నీళ్ళలో. ఇప్పుడు వాయించేవి అరువు తెచ్చినవి.

"ఆ అబ్బాయి చెప్పాడు, నేను రాశాను. ఎంత మెల్లిగా పాడినా అబద్ధంలా ఉంటోంది తాతగారూ. అందుకే అరుస్తాం."

నేనేమీ అనలేదు. తాళం తెచ్చి వాడి కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. కిటికీలకు పాత బొంతలు కట్టమన్నాను. ఏడు దాటాక వాయించకూడదన్నాను. రెండో చరణంలో ఒక మాట లెక్క తప్పిందని కూడా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. మా ఆవిడ మాత్రం, వాయించే కుర్రాడికి అమ్మమ్మ ఉందంటే, ఆవిణ్ణి ఒకసారి మన ఇంటికి తీసుకురమ్మంది.

కిందటి ఆదివారం పక్కింటాయన వీధి గుమ్మంలో ఎదురయ్యాడు. "ఏం మాష్టారూ, మరమ్మతు ఇంకా పూర్తికాలేదా?"

"లేదండీ" అన్నాను. "ఇప్పుడే మొదలెట్టారు."