పసుపు సంచి ముడి

చిత్తూరు జిల్లాలో అదొక సర్కారు ఆసుపత్రి. పేరు రాస్తే మా చెల్లెలికి ఇబ్బంది, అందుకని రాయను. మా చిన్నమ్మ కూతురు అక్కడ ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు. ఆసుపత్రికొచ్చిన మనిషి తెచ్చుకున్న జబ్బు పోగొట్టుకుని, కొత్త జబ్బు తగిలించుకోకుండా ఇంటికి పోవాలి. ఆమె ఉద్యోగం అదే. “అన్నా, ఏందేందో రాస్తా ఉంటావు గదా, మా ట్రైనింగు ఒకసారి వచ్చి చూడరాదా” అని చాన్నాళ్ళుగా అడుగుతోంది. పోయినాను.

మేడమీద మీటింగు హాలు. బ్యానరు, దీపం, పూలగుత్తులు, పెద్ద డాక్టరుగారి నాలుగు మాటలు, ప్రొజెక్టరుకు వైరు దొరక్క కాస్త వెతుకులాట. అన్నీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. తర్వాత అసలు పాఠం: చేతులు శుభ్రం చేసుకోవలసిన ఐదు సందర్భాలు. రోగిని ముట్టుకునే ముందు, సూది గుచ్చడం, గొట్టం వేయడం లాంటి పనికి ముందు, నెత్తురో మరొకటో తగిలాక, రోగిని ముట్టుకున్నాక, ఆ మంచం చుట్టూ ఉన్నవి ముట్టుకున్నాక. సబ్బూ నీళ్ళయితే 40 నుంచి 60 సెకన్లు, చేతికి రాసుకునే స్పిరిట్ మందు, వాళ్ళ భాషలో రబ్, అయితే 20 నుంచి 30.

చెల్లెలు ఒక మంచి ఆట ఆడించింది. ఇద్దరు కుర్ర డాక్టర్లకు గ్లౌజులు తొడిగి, కళ్ళకు గంతలు కట్టి, అరచేతిలో నీలం రంగు పోసి కడుక్కోమంది. ఇద్దరూ శ్రద్ధగా రుద్దారు. గంతలు విప్పి చూస్తే అరచేతులు నీలం, బొటనవేళ్ళు తెల్లగా అలాగే ఉన్నాయి. హాలంతా నవ్వు. రోగి నాడి పట్టేదీ, సిరంజి నొక్కేదీ ఆ బొటనవేలే.

నేను వెనకవైపు కూర్చున్నాను. అక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నా ఆయమ్మలు నేలమీదే కూర్చున్నారు. అందరూ ఏజెన్సీ కింద పనిచేసేవాళ్ళు. వాళ్ళలో యాభై దాటిన ఒకామె పక్కావిడతో గొణుగుతోంది: “ఐదుసార్లంట! కొళాయి యాడుండాదో ఆ యమ్మకు తెలీదా? వార్డు ఆ కొస నుంచి ఈ కొసకు నడస్తే గదా నీళ్ళు. అవి గూడా పొద్దన పదింటి దాకానే.” పక్కావిడ “గమ్మునుండు, సంతకం పెట్టి పోదాం” అంది.

ఆ తర్వాత స్లైడ్లు ఏం చెప్పాయో నాకు చెవికెక్కలేదు. హాలు ఖాళీ అయ్యాక ఆ ఆయమ్మ వెంట వార్డుకు దిగాను. “నువ్వేం జూస్తావు నాయనా, కంపు” అంది గానీ వద్దనలేదు.

ఆమె సంచి కట్టే తీరు చూడాలి. పసుపు సంచి అంటే నెత్తురు తడిసిన దూది, కట్లు, మాయలాంటివి పడేది. అది ముప్పాతిక నిండగానే ఆమె చెయ్యి ఆగిపోతుంది. ఇంకాస్త పడుతుంది కదా అని కాలితో తొక్కి కుదించేవాళ్ళను చాలామందిని చూశాం. ఈమె తొక్కదు. సంచి మూతి రెండు చేతులా కూడదీసి, గాలి బుస్సుమని మొహాన కొట్టకుండా తల పక్కకు తిప్పి, మెడను మెలిపెట్టి, ఆ మెలికను వెనక్కి మడిచి, మడత మీద తాడు బిగిస్తుంది. ఎత్తేటప్పుడు అడుగున చెయ్యి పెట్టదు. మెడ పట్టుకుని, ఒంటికి జానెడు ఎడంగా పట్టుకుని నడుస్తుంది. ఎందుకమ్మా అంత దూరం అంటే, “లోపల సూది ఉంటే కాలికి గుచ్చుకోదా?” అంది.

లోపల సూది ఉండకూడదు. సూదులూ బ్లేడులూ గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, సెలైన్ గొట్టాలూ గ్లౌజులూ ఎర్ర సంచిలోకి, గాజు సీసాలు నీలం పెట్టెలోకి పోవాలి. ఉండకూడనిది ఉంటుందని ఆమె చేతికి తెలుసు. చూపుడువేలి మొదట్లో చోటు చూపించింది. పోయిన సంవత్సరం గుచ్చుకుందట. “ఏం చేసినావు?” “కొళాయి కింద పెట్టినా, పసుపు అద్దినా.” “ఎవరికైనా చెప్పినావా?” “చెప్తే నీదే తప్పంటాడు సూపర్‌వైజరు. చీటీ రాపిచ్చుకోను పోతే ఆ పొద్దు కూలి పోతాది.”

సూది గుచ్చుకుంటే వెంటనే చెప్పాలి. ఆ సూది వాడిన రోగికి హెచ్ఐవీ ఉండే వీలుంటే వీలైనంత త్వరగా, రెండు గంటల్లోపయితే మేలు, ఎంత ఆలస్యమైనా 72 గంటలు దాటకుండా మందులు మొదలుపెట్టాలి, 28 రోజులు మింగాలి. ఆ స్లైడు ఇందాక ఆమె కూర్చున్న హాల్లోనే పడింది, ఇంగ్లీషులో.

హెపటైటిస్ బి టీకా వేశారా అని అడిగాను. “సూదా? మాకెవురేస్తారు?” అంది. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు ఈ విషయంలో ఏ మెలికా పెట్టలేదు. ఈ చెత్తను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ చేరినప్పుడు ఒకసారి, తర్వాత కనీసం ఏడాదికొకసారి శిక్షణ ఇవ్వాలి. హెపటైటిస్ బికి, ధనుర్వాతానికి టీకాలు వేయించాలి. బాధ్యత ఆసుపత్రిదే. పర్మినెంటు, ఏజెన్సీ అన్న తేడా అందులో లేదు. ఆ తేడా మనం తెచ్చిపెట్టుకున్నది.

సాయంత్రం టీ తాగుతూ ఇదంతా చెల్లెలితో అన్నాను. ఆమెకు కోపమొచ్చింది. “నువ్వు వచ్చి చూసి పోతావు అన్నా. ట్రైనింగు లేకపోతే ఈ మాత్రం గూడా ఉండదు. సిజేరియన్ చేసిన పిల్లకు కుట్లు చీము పడితే ఆ తల్లి ఎవురిని తిడతాదో తెలుసా? నన్ను.” కాయితం పట్టుకుని వార్డులో నిలబడి ఎవరు చేతులు కడిగారో లెక్క రాసుకోవడం కూడా ఆమె పనే. ఆమె నిలబడినంతసేపూ అందరూ కడుగుతారు. వెనక్కి తిరిగితే ఏమవుతుందో ఆమెకే బాగా తెలుసు. ఆమె శ్రమను నేను తక్కువ చేయడం లేదు. పాఠం బాగుంది. పాఠం చెప్పి చేతులు దులుపుకునేవాళ్ళతోనే నా పేచీ.

పాఠం గుర్తున్నా లేకున్నా పని జరిగిపోయే ఏర్పాటు కావాలి. మన కొండమీదే చూడండి. తిరుమల కల్యాణకట్టలో రోజూ వేల తలలు నున్నగవుతాయి. ఒకరి నెత్తురు అంటిన బ్లేడు మరొకరి తలకు తగిలితే ఏమవుతుందో తెలిసిందే. అక్కడేం చేశారు? టికెట్టుతో పాటే భక్తుడి చేతికి బ్లేడు ఇస్తారు. క్షురకుడు ఎంత అలసిపోయినా, వెనక ఎంత వరస ఉన్నా కొత్త బ్లేడు దానంతటదే ముందుకొస్తుంది. ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

జెనీవా ఆసుపత్రిలో 1990లలో డాక్టరు డిడియర్ పిటే బృందం నమ్ముకున్నదీ ఇదే. గోడల మీద పోస్టర్లతో పాటు ప్రతి మంచం పక్కనా రబ్ సీసా పెట్టారు. చేతుల శుభ్రత 48 శాతం నుంచి 66 శాతానికి పెరిగింది, అంటురోగాలు తగ్గాయి. నర్సు కొళాయి దాకా నడవక్కర్లేకుండా కొళాయి పనే మంచం దగ్గరికి వచ్చింది. ఈ రబ్ ఆసుపత్రి ఫార్మసీలోనే కలుపుకోవచ్చు: ఇథనాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్, గ్లిజరిన్, కాచి చల్లార్చిన నీళ్ళు. పాళ్ళు ప్రపంచ ఆరోగ్య సంస్థే రాసిచ్చింది.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం తెరిచినప్పుడు క్షయను మాన్పే స్ట్రెప్టోమైసిన్ లేదు. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్‌కు గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతే మందులు. గాలి ఆడే గదిలో క్షయక్రిములు పలచబడతాయని ఇప్పటి మార్గదర్శకాలూ చెబుతున్నాయి. తెరిచిన కిటికీకి సర్టిఫికెట్టు అక్కర్లేదు, రాత్రి డ్యూటీలోనూ నిద్రపోదు. నేను చూసిన ఆసుపత్రిలో పాత వార్డుకు నిలువెత్తు కిటికీలున్నాయి. కొత్త గదులకు ఏసీ పెట్టి అద్దాలు బిగించేశారు. ఏసీ పనిచేయడం లేదు.

అంటురోగాల నివారణకు జాతీయ మార్గదర్శకాలు వెలువడింది 2020 జనవరిలో. ఆ నెలాఖరుకే కోవిడ్ మన దేశంలో అడుగుపెట్టింది. తిరుపతిలో స్విమ్స్ పద్మావతి ఆసుపత్రి రాష్ట్ర కోవిడ్ ఆసుపత్రిగా మారిన రోజుల్లో గడపగడపకూ కాలితో తొక్కే శానిటైజరు స్టాండు ఉండేది. అలాంటి స్టాండొకటి ఈ వార్డు మూల నిలబడి ఉంది. దానికి సీసా లేదు.

ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లో కూర్చునే పెద్దలకు ఒక మనవి. ఈసారి సమావేశంలో గోడల రంగుల లెక్క, కుర్చీల లెక్క చూసేముందు రెండు ప్రశ్నలు అడగండి. మంచాల దగ్గరికి నెలకు ఎన్ని సీసాల రబ్ పోతోంది? ఏజెన్సీ ఆయమ్మల్లో హెపటైటిస్ బి మూడు డోసులూ పూర్తయినవాళ్ళు ఎందరు? రెండోదానికి నోటిమాట ఒప్పుకోవద్దు, రిజిస్టరు తెప్పించుకోండి.