టిఫిన్ ఆలస్యమైన రోజు

మా ఇల్లు తార్నాకలో. పొద్దున్నే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచొచ్చి గానీ పొయ్యి వెలిగించను. ఓ రోజు అక్కడే ఎం.ఏ. చదివే మా అమ్మాయి నా వెంట వచ్చి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టింది. ‘చౌరస్తా’ అని మన హైదరాబాద్ బ్యాండేనట. మాటలేమో అచ్చం మన పల్లె జానపదం, దరువేమో ఎక్కడో జమైకా వాళ్ల రెగే! పెరుగన్నంలో ఆవకాయలా భలే కలిసిందనుకోండి. 2020లో కరోనా మీద ‘చేతులెత్తి మొక్కుతా’ అని పాడింది వీళ్లే. 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాలో ‘చిట్టి’ పాడిన రామ్ మిరియాల ఈ బృందంలోంచి వచ్చినవాడే. సినిమా పాట తప్ప వేరే పాటే లేదనుకునే నాలాంటివాళ్లు ఒక్కసారి విని చూడండి.

పాట అయ్యాక అమ్మాయి మెల్లిగా అడిగింది, “అమ్మా, నీకొచ్చిన బతుకమ్మ పాటలు నేర్పవా? మా బ్యాండ్‌కి కావాలి.”

“మీ బ్యాండేమిటే?”

ఆరు నెలలుగా క్యాంపస్‌లో పాడుతోందట, నాకే తెలీదు! పోటీ పరీక్షల పుస్తకాలు కొనిపెట్టిన వాళ్ల నాన్న గుర్తొచ్చి గుండె గుభేలుమంది. అయినా చెట్టు కింద కూచుని రెండు పాటలు చెప్పాను. పండక్కి అందరితో కలిసి పాడడమే గానీ, పెళ్లయ్యాక ఒక్కదాన్నే గొంతెత్తింది అదే.

ఆ రోజు టిఫిన్ ఆలస్యమైంది. ఎందుకని ఆయన అడిగితే, గ్యాస్ అయిపోయిందన్నాను.